కాతిబు కలమూ, మా కంప్యూటరూ

వ్రాతకు ఆధారం యుగయుగానికీ మారుతూ వచ్చింది. శిల మీద, రాగిరేకు మీద, తాటాకు మీద, కాగితం మీద నిలిచిన అక్షరం నేడు గాజుతెర మీద వెలుగుతున్నది. ఆధారం మారినా, అక్షరం వ్రాసేవాని బాధ్యత మారదని పెద్దలు చెబుతారు. ఆ మాటను మేమూ విన్నాము, విని తల ఊపినాము. దాని బరువెంతో మాత్రం ఒక పొరపాటు చేసిన తరువాతనే తెలిసికొన్నాము. వెబ్ పేజీలు తయారుచేయడం నేర్చుకొన్న ఈ మూడు సంవత్సరాలలో మాకు కలిగిన అనుభవాలను సోదర విద్యార్థుల ముందు, కళాశాల కార్యవర్గం వారి ముందు ఉంచవలెనని ఈ వ్యాసానికి పూనుకొన్నాము. ఇందులో సంతోషంగా చెప్పుకోదగినవి కొన్ని ఉన్నాయి. చెప్పడానికి సిగ్గుపడవలసినది ఒకటి ఉంది. మొదటివి చెప్పి రెండవదానిని దాచడం ధర్మం కాదు గనుక అన్నీ చెబుతున్నాము.

మేము నలుగురం. ఇద్దరం ఉర్దూ మాధ్యమంలోనూ, ఇద్దరం తెలుగు మాధ్యమంలోనూ పదవ తరగతి వరకు చదివి, 2022లో ఈ కళాశాలలో డిగ్రీలో చేరి, కంప్యూటర్ శాస్త్రాన్ని ఒక పాఠ్యాంశంగా తీసుకొన్నాము. మా నలుగురిలో ఎవరి ఇంటిలోనూ అప్పటికి కంప్యూటర్ లేదు. ప్రయోగశాలలో ఒక యంత్రం ముందు ఇద్దరిద్దరుగా కూర్చుని, ఒకరు మీటలు నొక్కుతూ ఉంటే ఇంకొకరు పుస్తకం చదివి చెప్పేవారు. కరెంటు పోయిన వేళల్లో ఇద్దరమూ కాగితం మీద వ్రాసుకొనేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ కాగితపు చదువే మాకు ఎక్కువ మేలు చేసిందనిపిస్తుంది.

నేర్చుకొన్నదానికి ఏదైనా ప్రయోజనం ఉండవలెనని మా అధ్యాపకులు మొదటి నుండి పట్టుపట్టేవారు. ప్రయోజనం వెదుక్కోవడానికి మేము దూరం పోనక్కరలేదు. మన కళాశాల ద్వారం దాటగానే ఎడమవైపు గోడకు గాజుతలుపులు గల ప్రకటనల పెట్టె ఉన్నది గదా! ఉపకార వేతనాల గడువులు, పరీక్ష రుసుముల తేదీలు, గ్రంథాలయ వేళలు అన్నీ అందులోనే అంటిస్తారు. పల్లెల నుండి వచ్చే విద్యార్థులు ఉదయం బస్సు దిగి తరగతికి పరుగెత్తుతారు, సాయంత్రం తరగతి ముగియగానే బస్సు కోసం పరుగెత్తుతారు. వారికి ఆ పెట్టె ముందు నిలబడే తీరిక ఎక్కడిది? కొన్ని ప్రకటనలు ఆంగ్లంలో మాత్రమే ఉంటాయి. ఇంటి వద్ద తండ్రికి చదివి వినిపించడానికి అవి పనికిరావు. అయితే ప్రతి ఇంటిలోనూ ఏదో ఒక ఫోను ఉన్నది. ఆ పెట్టెలోని ప్రకటనలను ఉర్దూ, తెలుగు భాషలలో ఒక వెబ్ పేజీగా తయారుచేస్తే ఎంత బాగుంటుంది అన్నది మా సంకల్పం.

వెబ్ పేజీ మూడు విద్యల కలయిక. మొదటిది హెచ్.టి.ఎం.ఎల్. ఇది పుటలో ఏది శీర్షిక, ఏది పేరా, ఏది జాబితా, ఏది లంకె అని చెబుతుంది. రెండవది సి.ఎస్.ఎస్., అనగా స్టైల్ షీట్. అది పుట ఎట్లా కనబడవలెనో చెబుతుంది. మూడవది జావాస్క్రిప్టు. చదువరి ఏదైనా మీట నొక్కినప్పుడు, ఏదైనా వ్రాసినప్పుడు పుట ఏమి చేయవలెనో అది చెబుతుంది.

వీటి చరిత్ర మనకు చాలా దగ్గరిది. జెనీవా నగరం వద్ద సెర్న్ అనే పరమాణు పరిశోధన సంస్థలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్ లీ అనే ఆంగ్లేయుడు, శాస్త్రజ్ఞుల పత్రాలను ఒకదానితో ఒకటి ముడివేసే పద్ధతిని 1989లో ప్రతిపాదించాడు. 1991లో అది లోకానికి వెల్లడి అయింది. 1993 ఏప్రిల్ 30వ తేదీన సెర్న్ సంస్థ దానిని ఎవరైనా పైసా చెల్లించకుండా వాడుకోవచ్చునని ప్రకటించింది. ఆ ఒక్క నిర్ణయం లేకపోతే మా వంటి వారికి ఈ విద్య అందేది కాదేమో!

మొదటి నెలలో మేము చేసినదంతా అక్షరాలను లావు చేయడమే. శీర్షిక కావలసిన చోట మాటను లావుగా, పెద్దదిగా చేసి, పేరాకు పేరాకు మధ్య ఖాళీ వరుసలు పెట్టి, చూడడానికి బాగానే ఉన్నదని సంబరపడ్డాము. అధ్యాపకులు చూచి, "ఇది శీర్షికా, లేక లావుగా వ్రాసిన మాటా?" అని అడిగారు. రెండింటికీ భేదం ఏమని మేము ఎదురు ప్రశ్న వేశాము. "కంటికి భేదం లేదు. కాని చూపులేని విద్యార్థి ఈ పుటను యంత్రం చేత చదివించుకొంటాడు. ఆ యంత్రానికి లావు తెలియదు. శీర్షిక అని నీవు చెబితేనే శీర్షిక" అన్నారు వారు. కనబడేది వేరు, అయి ఉండేది వేరు అని ఆనాడు నేర్చుకొన్నాము.

కనబడే తీరును విడదీసి వేరొకచోట వ్రాయవలెనన్న ఆలోచన కూడా ఆ సెర్న్ సంస్థలోనే పుట్టింది. అక్కడ పనిచేస్తున్న హాకన్ వియుమ్ లీ అనే నార్వే దేశస్థుడు 1994 అక్టోబరులో స్టైల్ షీట్ల పద్ధతిని ప్రతిపాదించాడు. బెర్ట్ బోస్ అనే డచ్చి దేశస్థుడు ఆయనతో చేయి కలిపాడు. 1996 డిసెంబరులో అది ప్రమాణంగా వెలువడింది. ఒక్క స్టైల్ షీట్ వ్రాసి వంద పుటలకు తగిలించవచ్చు. శీర్షికల రంగు మార్చవలెనంటే ఒక్కచోట మారిస్తే చాలు, నూరు పుటలూ మారుతాయి.

ఇందులో మమ్మల్ని తిప్పలుపెట్టినది నియమాల మధ్య తగవు. ఒకే శీర్షికకు ఒక నియమం ఎరుపు అంటుంది, ఇంకొక నియమం ఆకుపచ్చ అంటుంది. ఎవరి మాట చెల్లుతుంది? కళాశాలకంతటికీ ఒక నియమం, ఒక శాఖకు మరొక నియమం, ఒక విద్యార్థికి ప్రత్యేకమైన ఉత్తరువు ఉంటే, ప్రత్యేకమైనదే చెల్లుతుంది గదా! ఇక్కడా అంతే. ఎంత ప్రత్యేకంగా గురి చూచి చెబితే అంత బలం. రెండూ సమానమైతే తరువాత చెప్పినది నెగ్గుతుంది. ఇది తెలియక మేము ప్రతి నియమం చివరా 'ఇంపార్టెంట్' అనే మాట తగిలించాము. ఆ మాట ఉన్న నియమం మిగిలినవాటిని తోసివేసి ముందుకు వస్తుంది. వారం తిరిగేసరికి అన్ని నియమాలకూ ఆ మాట అంటుకొని, దేనికీ ప్రాముఖ్యం లేకుండా పోయింది. అందరూ కేకలు వేసే సభలో ఎవరి మాట వినబడుతుంది? అన్నీ తుడిచివేసి మొదటి నుండి వ్రాసుకొన్నాము.

ఉర్దూ పుట తయారుచేయడం మొదలుపెట్టిన తరువాత మాకు అసలైన గురువు దొరికారు. మాలో ఒకరి మాతామహులు పడుచుతనంలో రాతి అచ్చు ముద్రణాలయంలో కాతిబుగా పనిచేశారు. కాతిబు అంటే దస్తూరి వ్రాసేవారు. మందు పూసిన పసుపు కాగితం మీద జిడ్డు సిరాతో ఆయన వ్రాస్తే, ఆ వ్రాతను రాతి మీదికి గాని, జింకు పలక మీదికి గాని దించి ప్రతులు తీసేవారట. ఉర్దూ వారు ఎంతగానో ఇష్టపడే నస్తాలీఖ్ లిపి సీసపు అచ్చులకు లొంగదు. అందుచేతనే ఉర్దూ పత్రికలు చాలాకాలం చేతివ్రాత మీదనే నడిచాయి. 1927లో చెన్నపట్టణంలో మొదలైన 'ది ముసల్మాన్' అనే దినపత్రిక దశాబ్దాల తరబడి చేతివ్రాతతోనే వెలువడింది. 1981లో నూరీ నస్తాలీఖ్ వచ్చిన తరువాత ఆ లిపి కంప్యూటరుకు అందింది. దానితో కాతిబుల చేతికి పని తగ్గింది. మా నానాగారు కూడా ఆ తరువాత కలం మూసిపెట్టి కాగితాల దుకాణం పెట్టుకొన్నారు.

మేము ఉర్దూ పుటను ఫోనులో తెరిచి ఆయనకు చూపించాము. ఆయన కళ్ళద్దాలు సవరించుకొని చాలాసేపు చూచి, "బేటా, దీన్ని నేను చదవగలను. కాని ఇది ఉర్దూ ముఖం కాదు. పైగా అక్షరాల గొంతు నొక్కారు" అన్నారు. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. ఫోను తనకు తెలిసిన నస్ఖ్ లిపిలో చూపింది. నస్తాలీఖ్‌లో ప్రతి మాటా కుడివైపు ఎత్తున మొదలై ఎడమవైపు కిందికి జారుతుంది. దానికి వరుసల మధ్య ఎక్కువ చోటు కావాలి. ఆంగ్లానికి సరిపోయే కొలత పెడితే పై వరుస చుక్కలు కింది వరుస తల మీద కూర్చుంటాయి. అందంగా ఉంటుందని మేము అక్షరానికి అక్షరానికి మధ్య ఎడం పెంచే నియమం కూడా వ్రాశాము. ఆంగ్లంలో అది అలంకారం. ఉర్దూలో అక్షరాలు చేతులు పట్టుకొని నడుస్తాయి. ఎడం పెడితే చేతులు తెగిపోతాయి.

నానాగారి మాట విని నోటో నస్తాలీఖ్ అనే ఉచిత లిపిని తెచ్చి పెట్టాము. వరుస ఎత్తును అక్షరపు కొలతకు 2.2 రెట్లు చేశాము. అప్పుడు తెలుగు పుటను కూడా అదే కంటితో చూచాము. 'రాష్ట్రం', 'లక్ష్మి' వంటి మాటల ఒత్తులు కొన్ని పెట్టెలలో కిందిభాగం తెగిపోయి కనబడుతున్నాయి. ఇన్నాళ్ళూ మా కంటికి అది ఆనలేదు. తెలుగుకు 1.7 రెట్లు ఇచ్చిన తరువాత ఒత్తులకు కాళ్ళు చాపుకొనే చోటు దొరికింది. తెలుగు ఒత్తుల లోపాన్ని పట్టుకోవడానికి ఉర్దూ కాతిబు కన్ను కావలసివచ్చింది!

ఇంకొక చిక్కు కుడి ఎడమలది. తెలుగు ఎడమ నుండి కుడికి, ఉర్దూ కుడి నుండి ఎడమకు. ఉర్దూ పుటకు 'ఆర్.టి.ఎల్.' అనే దిశ గుర్తు పెట్టగానే మాటలు కుడివైపుకు చేరాయి. కాని 'ఎడమ అంచు ఇంత' అని మేము వ్రాసిన నియమాలన్నీ ఎడమనే ఉండిపోయి, జాబితాల గుర్తులు మాటలకు దూరమయ్యాయి. ఉర్దూ కోసం వేరొక స్టైల్ షీట్ వ్రాద్దామని మొదట అనుకొన్నాము. తరువాత తెలిసింది, ఎడమ, కుడి అనే మాటలే వాడకుండా 'మొదలు', 'చివర' అనే మాటలతో నియమాలు వ్రాయవచ్చునని. వ్రాత ఎటు నుండి మొదలైతే అదే మొదలు. ఆ మార్పు చేయగానే ఒకే స్టైల్ షీట్ రెండు భాషలకూ చక్కగా అమరింది. మన కళాశాల నడిచే తీరే ఇది గదా అని మేము ఆనాడు ఎంతో ఆనందించాము.

ఇక జావాస్క్రిప్టు సంగతి. నెట్‌స్కేప్ సంస్థలో పనిచేస్తున్న బ్రెండన్ ఐక్ 1995 మే నెలలో దీని తొలి రూపాన్ని పది దినాలలో తయారుచేశాడు. పుట్టినప్పుడు దాని పేరు మోకా, తరువాత లైవ్‌స్క్రిప్టు, ఆ డిసెంబరు నాటికి జావాస్క్రిప్టు. 1997లో దానికి ప్రమాణ గ్రంథం వచ్చింది. పది దినాల పుట్టుక గుర్తులు కొన్ని ఆ భాషలో ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. వాటిని సవరించితే అప్పటికే లోకంలో ఉన్న పుటలు చెడిపోతాయి గనుక అట్లే ఉంచుతూ వచ్చారు.

స్క్రిప్టు పనిచేసే విధం వింతైనది. బ్రౌజరు మన పుటను చదివి, తన జ్ఞాపకంలో ఒక చెట్టు వలె నిలుపుకొంటుంది. పుట కాండం, శీర్షికలూ జాబితాలూ కొమ్మలు, మాటలు ఆకులు. స్క్రిప్టు ఆ చెట్టులో ఏ కొమ్మనైనా పట్టుకొని మార్చగలదు. 'ఈ మీట నొక్కినప్పుడు నాకు చెప్పు' అని బ్రౌజరుకు చెప్పి ఉంచుతాము. నొక్కగానే మనం వ్రాసిన పని జరుగుతుంది. ఒక మీట నొక్కితే పుట తెలుగు నుండి ఉర్దూకు మారడం మొదటిసారి చూచిన రోజున మేము ఆ మీటను ఎన్నిసార్లు నొక్కామో లెక్కలేదు.

2023 జనవరిలో మా పుట కళాశాల వారి అనుమతితో అందరికీ అందుబాటులోకి వచ్చింది. నవ్వు తెప్పించే పొరపాట్లకు కొదవ లేదు. గ్రంథాలయ పుస్తకాల ఆలస్య రుసుము లెక్కకట్టే పెట్టె ఒకటి తయారుచేశాము. పాత బాకీ 40, కొత్త బాకీ 5 అని వ్రాస్తే మా పుట 405 రూపాయలు చూపింది. పెట్టెలో వ్రాసినది స్క్రిప్టుకు అంకె కాదు, వ్రాత. రెండు వ్రాతలను కలపమంటే పక్కపక్కన అంటిస్తుంది. అంకెగా మార్చి కలపమని మనమే చెప్పాలి. గ్రంథాలయాధికారి చూచి, "ఈ లెక్కన మనం కొత్త భవనం కట్టుకోవచ్చు" అని నవ్వారు.

సలహాలు వ్రాసే పెట్టెకు నూరు అక్షరాల పరిమితి పెట్టాము. తెలుగు విద్యార్థుల మాటలు మధ్యలోనే ఆగిపోయేవి. వెదికి చూస్తే, మన కంటికి ఒక్క అక్షరంగా కనబడే 'స్త్రీ'ని యంత్రం 6గా లెక్కిస్తున్నది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మన ఒక్క అక్షరం దానికి ఆరు. పరిమితిని పెంచి ఊరుకొన్నాము. ఇవన్నీ నవ్వుకొని దిద్దుకొన్న పొరపాట్లు. ఇక చెప్పబోయేది అట్టిది కాదు.

2023 అక్టోబరు చివరి వారంలో మేము మా పుటకు ఒక కొత్త హంగు చేర్చాము. అంతవరకు గడువు తేదీలను చేత్తో వ్రాసేవాళ్ళం. ఇప్పుడు తేదీని స్క్రిప్టుకు అంకెలలో ఇస్తే, అదే ఆ తేదీని రెండు భాషలలో వ్రాసి, 'ఇంకా ఇన్ని దినాలు ఉన్నవి' అని లెక్కకట్టి చూపుతుంది. దీనికి మాకు ఎన్నో ప్రశంసలు వచ్చాయి. అప్పుడే ఒక ధర్మసంస్థ వారి విద్యార్థి వేతనం ప్రకటన వచ్చింది. దరఖాస్తులకు గడువు 2023 నవంబరు 15. మేము 2023, 11, 15 అని వ్రాశాము.

జావాస్క్రిప్టులో నెలల లెక్క సున్న నుండి మొదలవుతుంది. జావా భాష నుండి తెచ్చుకొన్న తేదీల పద్ధతి అది. జనవరి 0, ఫిబ్రవరి 1, నవంబరు 10. పదకొండు అంటే డిసెంబరు. సంవత్సరానికి, దినానికి ఈ పేచీ లేదు, నెలకే ఉంది. ఈ సంగతి పుస్తకంలో మేము చదివినదే. పరీక్షకు వ్రాయవలసి వస్తే వ్రాసి ఉండేవాళ్ళమే. కాని ఆ రోజున చేతికి జ్ఞాపకం రాలేదు. నవంబరు 5వ తేదీన మా పుట 'గడువు డిసెంబరు 15, ఇంకా 40 దినాలు ఉన్నవి' అని ఆకుపచ్చని అక్షరాలలో చూపుతూ ఉన్నది. నిజానికి మిగిలినవి 10 దినాలు. సరియైన తేదీ గల అసలు ప్రకటన ద్వారం వద్ద గాజుపెట్టెలో వేలాడుతూనే ఉన్నది. మేము నలుగురం ప్రతిరోజూ దాని ముందు నుండే నడిచాము. ఒక్కరమూ తల తిప్పి చూడలేదు.

నవంబరు 20, సోమవారం నాడు బి.కాం. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక సోదరి ప్రయోగశాల గుమ్మం వద్ద నిలబడింది. ఆమెది బస్సులో గంటన్నర ప్రయాణం ఉన్న పల్లె. తండ్రి ఊరూరా తిరిగి గాజులు అమ్ముతాడు. ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవ కేంద్రానికి, తహసీల్దారు కార్యాలయానికి తిరగడంలో తండ్రికి మూడు రోజుల వ్యాపారం పోయిందట. దీపావళి సెలవుల తరువాత కాగితాలన్నీ సమకూర్చుకొని ఆ ఉదయం తండ్రీకూతుళ్ళు ధర్మసంస్థ వారి కార్యాలయానికి వెళ్ళారు. గడువు అయిదు రోజుల కిందటనే ముగిసిందని చెప్పి పంపివేశారు. ఆమె తన ఫోను మా ముందు పెట్టింది. 'ఇంకా 25 దినాలు ఉన్నవి' అని ఉన్నది అందులో.

"అన్నా, మీ పేజీ చూచే మేము ఆగినాము. తొందర లేదని నాన్నకు నేనే చెప్పినాను" అన్నది ఆమె. కోపగించలేదు. కోపగిస్తే మాకు కొంత తేలికగా ఉండేది.

ఆ వేతనం ఆరువేల రూపాయలు. దానితోనే ఆమె రెండవ సంవత్సరపు రుసుము చెల్లించవలసి ఉన్నది.

ఆమె వెళ్ళిన వెంటనే మేము చేసిన మొదటి పని ఏమిటో చెప్పక తప్పదు. 11ని చెరిపి 10 అని వ్రాశాము. ఒక్క అంకె. ఆ అంకె మారగానే పుట 'గడువు ముగిసినది' అని చూపింది. పుటలో తప్పు జరిగినట్లు గుర్తు కూడా మిగలలేదు. కాగితం మీద దిద్దితే కొట్టివేత కనబడుతుంది. తెర మీద కనబడదు. ఆ సాయంత్రం టీ కొట్టు వద్ద మాలో వాదం జరిగింది. గాజుపెట్టెలో సరియైన తేదీ ఉన్నది గదా, చూచుకోవలసిన బాధ్యత వారిది కాదా అని ఒకరం అన్నాము. ఈ సంగతి బయటపడితే పుటను మూసివేయమంటారేమో, అందరికీ నష్టం గదా అని మరొకరం అన్నాము. ఈ మాటలు అన్నవారు ఎవరో ఇక్కడ వ్రాయడం లేదు. ఎందుకంటే ఆ క్షణాన నలుగురి మనస్సులోనూ అవే మాటలు ఉన్నాయి.

ఆ రాత్రి నానాగారి వద్దకు వెళ్ళాము. ఆయన అంతా విని, తన కథ ఒకటి చెప్పారు. ఆయనకు ఇరవై రెండేళ్ళ వయస్సులో ఒక పెళ్ళి శుభలేఖ వ్రాస్తూ తేదీ తప్పు వ్రాశారట. మూడువందల ప్రతులు అచ్చయి, సగం పంచిన తరువాత పెళ్ళివారు చూచుకొన్నారు. ముద్రణాలయం యజమాని కొత్తవి అచ్చువేసి ఇస్తానన్నాడు. పంచినవాటి మాటేమిటి? నానాగారు ఆ ఇళ్ళ జాబితా తీసుకొని, కలమూ సిరాబుడ్డీ సంచిలో వేసికొని, సైకిలు మీద రెండు రోజులు ఇంటింటికీ తిరిగి, ప్రతి గుమ్మం వద్ద "తప్పు నాది" అని చెప్పి, శుభలేఖ అడిగి తీసుకొని దిద్ది ఇచ్చారట. "కొత్త ప్రతులు వేయడం తేలిక బేటా. పాత ప్రతి ఎవరి ఇంటిలో ఉన్నదో వెదకడమే కష్టం" అన్నారు ఆయన.

మా పాత ప్రతి ఎందరి కంటిలో మిగిలి ఉన్నదో! అదే మేము ఆలోచించని సంగతి.

మరునాడు ఉదయం ప్రిన్సిపాల్ గారి వద్దకు, మా అధ్యాపకుల వద్దకు వెళ్ళి జరిగినది చెప్పాము. వారి అనుమతితో పుట నెత్తిన ఉర్దూ, తెలుగు భాషలలో మా తప్పును వ్రాశాము. అదే మాటను కాగితం మీద చేత్తో వ్రాసి, నలుగురం సంతకాలు చేసి గాజుపెట్టెలో అంటించాము. తరగతి తరగతికీ వెళ్ళి చెప్పాము. మొదటి తరగతిలో మా గొంతులు పెగలలేదు. అట్లు తిరిగినందువలన, మా పుటను నమ్మి ఆగిన మరొక విద్యార్థి బయటపడ్డాడు. ఇద్దరి దరఖాస్తులూ తీసుకొని, తప్పు మాదేనని వ్రాసిన ఉత్తరంతో ధర్మసంస్థ వారి వద్దకు వెళ్ళాము. వారు మర్యాదగా కూర్చోబెట్టి విన్నారు. అప్పటికే ఎంపిక ముగిసినదని, మరునాటి సంవత్సరం తప్పక పరిశీలిస్తామని చెప్పారు. వారిని తప్పుపట్టడానికి మాకు నోరు లేదు.

ఒక పాత కంప్యూటర్ కొనుక్కోవడానికి మేము నలుగురం కూడబెట్టుకొన్న డబ్బు నాలుగువేల రెండువందలు ఉన్నది. అధ్యాపకులు కొంత కలిపారు. ఆ రెండవ విద్యార్థి తన అన్న సర్దుబాటు చేశాడని చెప్పి తీసుకోలేదు. ఆ సోదరి మొదట ఒప్పుకోలేదు. రుసుము చెల్లించే చివరి రోజున, అప్పుగా అయితేనే తీసుకొంటానని చెప్పి తీసుకొన్నది. నెలనెలా రెండువందలు తెచ్చి ఇస్తున్నది. వద్దంటే నొచ్చుకొంటుంది. ఆమె దానిని తన అప్పు అంటుంది. అది ఎవరి అప్పో మాకు తెలుసు.

ఆ తరువాత మా పుటను తిరిగి వ్రాశాము. ఈ విద్య నేర్చుకోబోయే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పనికివస్తుందని ఆ నియమాలు ఇక్కడ చెబుతున్నాము.

మొదటిది: ఏ మాట తప్పితే చదువరికి నష్టమో ఆ మాటను స్క్రిప్టు చేత వ్రాయించరాదు. గడువు తేదీని హెచ్.టి.ఎం.ఎల్. లోనే, నెల పేరుతో సహా, మనిషి చేత్తో వ్రాయాలి. స్క్రిప్టు దాని పక్కన దినాల లెక్క చూపవచ్చు. స్క్రిప్టు పనిచేయకపోయినా, పాత ఫోనులో అది నడవకపోయినా, తేదీ మాత్రం నిలిచి ఉండాలి.

రెండవది: వ్రాసినవారే సరిచూడరాదు. మా పుటలో తెలుగు ప్రకటన వ్రాసినవారు ఉర్దూ ప్రకటనను, ఉర్దూ వ్రాసినవారు తెలుగును, అసలు కాగితం ఎదురుగా పెట్టుకొని చదువుతారు. రాతి అచ్చు కాలంలో కాతిబు వ్రాసినదానిని వేరొకరు చదివిన తరువాతనే రాతి మీదికి దించేవారట. మేము ఆ పద్ధతిని తిరిగి తెచ్చుకొన్నాము.

మూడవది: ప్రతి ప్రకటన కింద అసలు కాగితపు ఛాయాచిత్రం పెట్టాలి. మా మాట మీద అనుమానం వచ్చినవారు అక్కడే చూచుకోవచ్చు. అనుమానించే హక్కు చదువరికి ఇవ్వడం మర్యాద.

నాలుగవది: తప్పు దిద్దినప్పుడు, దిద్దామని తేదీతో సహా వ్రాయాలి. తెర మీద కొట్టివేత కనబడదు గనుక మనమే చూపాలి.

2024లో ఆ ధర్మసంస్థ వారి ప్రకటన తిరిగి వచ్చినప్పుడు, గడువు తేదీని నలుగురం నాలుగుసార్లు చదివాము. గాజుపెట్టె ముందు నిలబడి ఫోనులోని తేదీతో పోల్చి చూస్తూ ఉంటే, ఆ సోదరి కూడా వచ్చి మా పక్కన నిలబడి తానూ చూచుకొన్నది. మా మాటను నమ్మి ఊరుకోలేదు. అందుకు మేము సంతోషించాము. గడువుకు చాలా ముందే ఆమె దరఖాస్తు ఇచ్చింది. ఆ సంవత్సరం ఆమెకు వేతనం వచ్చింది.

ఇప్పుడు మేము చివరి సంవత్సరంలో ఉన్నాము. మా తరువాత ఈ పుటను నడపడానికి మొదటి సంవత్సరం విద్యార్థులు ఆరుగురు ముందుకు వచ్చారు. వారిలో ముగ్గురు అమ్మాయిలు. కళాశాల కార్యవర్గం వారికి మాది ఒక్కటే మనవి. తరగతులు ముగిసిన తరువాత ఒక గంట ప్రయోగశాల తెరిచి ఉంచవలెను. పల్లె బస్సు అందుకోవలసిన వారి కోసం మధ్యాహ్న విరామంలో కూడా తెరవవలెను. యంత్రాలు పాతవైనా ఫరవాలేదు. హెచ్.టి.ఎం.ఎల్., సి.ఎస్.ఎస్., జావాస్క్రిప్టు నేర్చుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. బ్రౌజరు, వ్రాసుకొనేందుకు ఒక సాదా ఎడిటరు, అడిగితే చెప్పే పెద్దలు ఉంటే చాలు.

మాకు అటువంటి పెద్దలు దొరికారు. శీర్షికకూ లావు అక్షరానికీ భేదం చెప్పిన గురువర్యులకు, తప్పు ఒప్పుకొన్ననాడు పుటను మూయించక దిద్దుకోమన్న ప్రిన్సిపాల్ గారికి, కంప్యూటరును ఒక్కనాడూ తాకకుండానే మాకు కంప్యూటర్ విద్య నేర్పిన నానాగారికి నమస్కరిస్తూ సెలవు తీసుకొంటున్నాము.